బోర్డు మీద లేని పేరు: దిండిగల్ నాగసామి నాయుడు గారు

ఈసారి రాత కాస్త పొడుగైంది. తీరిక చూసుకుని చదవండి.

మన తెలుగు సంఘాల హాళ్ళలో ఏ ఊరికి పోయినా గోడ మీద ఇంచుమించు అవే పటాలు. విశ్వనాథ నాయకుడు, తిరుమల నాయకుడు, వీరపాండ్య కట్టబొమ్మన. తప్పేమీ లేదు. 1529లో మదురైలో నాయకుల ఏలుబడి మొదలుకాకపోతే మన ముత్తాతల్లో చాలామంది ఈ కరిసల్ నేల తొక్కేవాళ్ళే కాదు. 1799లో కట్టబొమ్మనను ఉరితీసిన కయత్తారు మన కోవిల్‌పట్టికి ఆనుకున్నట్టే ఉంటుంది. వాళ్ళను తలుచుకోవాల్సిందే. కానీ ఆ వరసలో కత్తి బదులు గరిటె పట్టుకున్న మనిషి పటం ఒక్కటైనా ఉందా? నాకైతే ఎక్కడా కనబడలేదు.

అలా పటం కట్టించదగిన ఒక మనిషి గురించి ఈ రాత. దిండిగల్ నాగసామి నాయుడు గారు.

ఈ పేరు చెబితే మనలో చాలామందికి గుర్తు రాదు. "తలప్పాకట్టి బిరియాని" అంటే మాత్రం ఇంట్లో చిన్నపిల్లలు కూడా ఆకు వేసుకుని కూర్చుంటారు. ఆ తలప్పా కట్టుకున్న మనిషే నాగసామి నాయుడు గారు. వంట లోకమంతా తెలిసింది, వండిన మనిషి పేరు మరుగున పడింది. ఇది ఎలా జరిగిందో చూద్దాం.

ముందు ఒక మాట. మన వైపు హోటల్ అంటే పడుకునే చోటు కాదు, తినే చోటు. అక్కడ వండేవాడు "మాస్టర్". టీ మాస్టర్, పరోటా మాస్టర్, బిరియాని మాస్టర్. చెఫ్ అనే మాట మనకు టీవీలో వంటల కార్యక్రమాలతో బాగా అలవాటైంది. బడిలో పాఠం చెప్పే ఆయన్నీ, పొయ్యి ముందు నిలబడే ఆయన్నీ ఒకే మాటతో పిలవడం మన ఊళ్ళ గొప్పదనం అనుకుంటాను. అయితే బడి మాస్టరు పేరు ముప్పై ఏళ్ళ తర్వాత కూడా చెబుతాం. పరోటా మాస్టర్ చేతి రుచి గుర్తుంటుంది, ఆయన పేరు అడిగితే తెల్లమొహం వేస్తాం.

హోటల్ పనిలోకి మనవాళ్ళు ఎందుకు ఇంతమంది వెళ్ళారన్నది ఈ నేలను చూస్తే తెలుస్తుంది. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్, మన తిరుత్తంగల్ చుట్టుపక్కలంతా వాన మీద ఆధారపడిన నల్లరేగడి. పత్తి, సజ్జ, జొన్న. వాన పడితే పంట, పడకపోతే అప్పు. పూర్వం మన ఇళ్ళలో వరి అన్నం పండగకీ పబ్బానికీ. మిగతా రోజులు సజ్జ సంకటి, జొన్న గంజి. ఆ బతుకును, తెలుగు కుటుంబాలు ఈ నేలకు వచ్చి అడవి నరికి ఊరు కట్టుకున్న తీరును ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారు "గోపల్ల గ్రామం" నవలలో రాశారు. ఆయన ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. దాని తరువాయి "గోపల్లపురత్తు మక్కళ్"కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2021లో పోయారు. మన సంగతులు తెలుసుకోవాలనుకునే పిల్లల చేత ముందు అది చదివించండి.

వాన లేని ఏళ్ళలో మనుషులు ఊరు విడుస్తారు. కొందరు శివకాశి అగ్గిపెట్టెల పనికి, కొందరు మిల్లులకు. కొందరు పొయ్యిని నమ్ముకున్నారు. దానికి మనకు దగ్గరలో ఉన్న పెద్ద సాక్ష్యం వడక్కంపట్టి. నాగసామి నాయుడు గారి దగ్గరికి వెళ్ళేముందు అక్కడ కాసేపు ఆగాలి.

విరుదునగర్ నుంచి మదురై రోడ్డు పట్టుకుని పోతే కళ్ళిక్కుడి వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే వడక్కంపట్టి, మదురై జిల్లాలో ఉంది. ఆ ఊరి కావలి దేవుడు మునియాండి. దక్షిణాదిలో ఏ బస్టాండు దగ్గరైనా "మదురై శ్రీ మునియాండి విలాస్" అనే బోర్డు మీరు చూసే ఉంటారు. ఆ పేరు ఈ ఊరి దేవుడిదే. 1930ల నడుమ ఆ ఊరి సుబ్బనాయుడు గారు కారైక్కుడిలో మొదటి మునియాండి విలాస్ తెరిచారు. పంటలు పోయిన కాలంలో దేవుడు కలలో కనబడి అన్నం పెట్టి బతకమన్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. కల సంగతి ఎలా ఉన్నా, పంటలు పోయిన మాట మాత్రం ఈ నేల తెలిసినవాళ్ళెవరూ కాదనరు. కారైక్కుడి అంటే చెట్టియార్ల సీమ. డబ్బుంది, రాకపోకలు ఉన్నాయి, మాంసం వంట రుచి తెలిసిన జనం ఉన్నారు. చోటు ఎంచుకోవడంలో సుబ్బనాయుడు గారి లెక్క గట్టిదే.

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. ఆయన దారిలోనే ఊరివాళ్ళు, చుట్టాలు, పక్క ఊళ్ళవాళ్ళు, నాయుళ్ళు, రెడ్డియార్లు ఒకరి తర్వాత ఒకరు హోటళ్ళు పెట్టారు. అందరూ అదే పేరు పెట్టారు. ఎవరూ ఎవరినీ అడగలేదు, ఎవరూ ఎవరి మీదా కేసు వేయలేదు. పేరు దేవుడిది కాబట్టి ఊరందరిదీ. ఒక హోటల్లో అంట్లు తోమిన కుర్రవాడు సప్లయర్ అవుతాడు, తర్వాత మాస్టర్ అవుతాడు, పదేళ్ళకు ఇంకో ఊళ్ళో తనే బోర్డు కడతాడు. అలా తమిళనాడు, పుదుచ్చేరి, కేరళ, కర్ణాటక, ఆంధ్ర దాకా వందల హోటళ్ళు లేచాయి. రోజూ మొదటి బిల్లు డబ్బు దేవుడి పేరిట పక్కన తీసిపెట్టడం వాళ్ళ ఆచారం. ఏడాదికి ఒకసారి, తై నెలలో, ఆ డబ్బుతో అందరూ సొంత ఊరికి వచ్చి జాతర చేస్తారు. రాత్రంతా వందల మేకలు కోసి, పెద్ద పెద్ద అండాల్లో బిరియాని వండి, తెల్లవారకముందే వడ్డించడం మొదలుపెడతారు. అక్కడ ప్రసాదమే బిరియాని. నాయుళ్ళ జాతర తైలో, రెడ్డియార్ల జాతర మాసిలో. ఏడాదంతా వేరే ఊళ్ళవాళ్ళకు డబ్బు తీసుకుని వండిపెట్టినవాళ్ళు ఆ ఒక్క రోజు ఊరికే పెడతారు.

బోర్డు మీద దేవుడి పేరు పెట్టి, తన పేరు వెనక్కి తీసుకున్న మనిషి సుబ్బనాయుడు గారు. దీన్ని గుర్తుపెట్టుకుని ఇప్పుడు దిండిగల్ పోదాం.

దిండిగల్ మనకు కొత్త ఊరు కాదు. నాయకుల కాలం నుంచి కోట ఉన్న ఊరు. 1755 ప్రాంతంలో హైదర్ అలీ మైసూరు తరఫున ఫౌజుదారుగా వచ్చి ఆ కోటలోనే తన బలం పెంచుకున్నాడు. తర్వాత కాలంలో తాళాలకు, పొగాకుకు, తోళ్ళ శుద్ధికి పేరు పడింది. మదురై, తిరుచ్చి, కోయంబత్తూరు, పళని దారులు కలిసే చోటు. సంతకు వచ్చే రైతు, పొగాకు మండీ గుమాస్తా, తోళ్ళ వ్యాపారి, పళని మెట్లు ఎక్కి దిగి వచ్చే భక్తుడు, లారీ డ్రైవరు, అందరూ అక్కడ దిగాల్సిందే. ఇంతమందికి మధ్యాహ్నం ఆకలి వేస్తుంది. మంచి మాస్టర్‌కు అంతకంటే ఏం కావాలి?

1957లో నాగసామి నాయుడు గారు అక్కడ హోటల్ తెరిచారు. పేరు ఆనంద విలాస్ బిరియాని హోటల్.

ఆ సంవత్సరాన్ని కాస్త పట్టి చూడాలి. అంతకు ముందటి ఏడాది, 1956 నవంబరు 1న, భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఇటువైపున్న మనం రాతకోతల్లో మైనారిటీ అయ్యాం. మన విరుదునగర్ బిడ్డ కామరాజర్ మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి. 1956లోనే ఆయన బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టే పథకం మొదలుపెట్టారు. ఆకలి అనేది రాష్ట్రమంతటి మాట అయిన కాలం అది. సరిగ్గా 1957లోనే మద్రాసు తిరువల్లిక్కేణిలో మురళీ కేఫ్ ముందు పెరియార్ మనుషులు నెలల తరబడి పికెటింగ్ చేశారు. ఎందుకంటే ఆ హోటల్ బోర్డు మీద "బ్రాహ్మణాళ్" అన్న మాట ఉంది. ఆ మాట తీసేయాలని గొడవ. వందల మంది జైలుకు పోయారు.

అంటే ఆ రోజుల్లో హోటల్ బోర్డు మీద ఏం రాస్తారన్నది చిన్న విషయం కాదు. ఎవరు వండారు, ఎవరు తినొచ్చు, ఎవరు ఎక్కడ కూర్చోవాలి అన్నవన్నీ ఆ ఒక్క పలకలో ఉండేవి. "విలాస్" అన్న మాట అప్పటికి ఎక్కువగా కాఫీ, ఇడ్లీ హోటళ్ళకు చెందినది. మాంసం పెట్టే చోట్లను మిలిటరీ హోటల్ అని ఓ పక్కకు నెట్టేవారు, బోర్డు చూసి మొహం తిప్పుకుని పోయేవాళ్ళూ ఉండేవారు. అలాంటి కాలంలో వడక్కంపట్టివాళ్ళూ, దిండిగల్ నాయుడు గారూ "విలాస్" అన్న మర్యాద మాటను మటన్ అండా పక్కన పెట్టారు. ఇది నా ఊహే, ఒప్పుకోకపోతే చెప్పండి: మాంసం తినేవాడికీ ఆకు వేసి, కూర్చోబెట్టి, గౌరవంగా వడ్డిస్తామని ఆ బోర్డు అంటున్నట్టు నాకు తోస్తుంది.

ఇక పొయ్యి దగ్గరికి పోదాం, ఎందుకంటే ఆయన బతుకంతా అక్కడే.

బిరియాని మనవాళ్ళ సొత్తు కాదు. ఇది మనలో మనమే నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆర్కాటు నవాబుల వంటిళ్ళ నుంచి, ఆంబూరు, వాణియంబాడి ముస్లిం వంటవాళ్ళ చేతుల నుంచి, మన వైపు రావుత్తర్ల ఇళ్ళ పెళ్ళిళ్ళ నుంచి ఈ వంట తమిళనాట నలుమూలలకూ పాకింది. నాయుడు గారి ఘనత దాన్ని కనిపెట్టడంలో లేదు. తన ఊరికీ, తన జనానికీ తగినట్టు మార్చి, ఆ మార్పును ఏళ్ళ తరబడి చెదరనీయకుండా నిలబెట్టడంలో ఉంది.

మొదటి మార్పు బియ్యం. హైదరాబాదులో మన బంధువులు బాస్మతి అంటారు. పొడుగు గింజ. దాన్ని సగం ఉడికించి, నానబెట్టిన పచ్చి మాంసం మీద పరిచి దమ్ము పెడతారు. గింజకు గింజ విడిగా ఉండాలి. దిండిగల్‌లో సీరగ సంబా. జీలకర్ర గింజలా సన్నగా, పొట్టిగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. మన ఆంధ్రా వైపు చిట్టిముత్యాలు ఉన్నాయే, ఆ తరహా. దీనికి సొంత వాసన ఉంది. మసాలా రసాన్ని బాస్మతి కంటే బాగా లోపలికి పీలుస్తుంది. అందుకే దీన్ని విడిగా ఉడికించి పరచరు. మాంసం, మసాలా ఉడికిన రసంలోనే కొలిచిన నీళ్ళు పోసి, కడిగి నానబెట్టిన బియ్యం వేస్తారు. నీళ్ళూ బియ్యమూ ఒక మట్టానికి వచ్చేసరికి మూత పెట్టి, మూత మీద నిప్పులు పోస్తారు.

చెప్పడానికి ఇంతే. చేతిలో ఉన్నదంతా ఆ "ఒక మట్టానికి వచ్చేసరికి" అన్న చోట ఉంది. చిన్న గింజ. రెండు నిమిషాలు ఆలస్యమైతే ముద్ద అవుతుంది. గరిటె ఒక్కసారి ఎక్కువ తిప్పితే విరుగుతుంది. నీళ్ళు పిడికెడు తక్కువైతే అడుగు మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది. కట్టెల పొయ్యికి గుండీ ఉండదు. మంట తగ్గించాలంటే కట్టె వెనక్కి లాగాలి. ఇంట్లో కిలో బియ్యంతో చేస్తే తప్పు దిద్దుకోవచ్చు. అండాలో చేస్తే, తప్పు జరిగితే ఆ రోజు వ్యాపారం పోయినట్టే. పైగా బియ్యం కొత్తదా పాతదా అన్నదాన్ని బట్టి నీళ్ళ కొలత మారుతుంది. ఇది ఏ కాగితం మీదా రాసి ఉండదు. బియ్యం నోట్లో వేసుకుని కొరికి చూసి చెబుతారు మాస్టర్లు.

రెండో మార్పు మాంసం. ముక్కలు చిన్నచిన్నగా, పాచికల్లా కోయడం దిండిగల్ తీరు. చిన్న గింజ పక్కన పెద్ద ముక్క పొందదు. ప్రతి పిడికిట్లోనూ ఒక ముక్క రావాలి. ఇంకో లెక్క కూడా ఉందని నా అనుమానం: చిన్న ముక్కలైతే తక్కువ డబ్బు ఇచ్చినవాడి ఆకులోనూ మాంసం కనబడుతుంది. మేకలకు కన్నివాడి, పరమత్తి ప్రాంతాలు పేరు. అక్కడ మెట్ట నేలల్లో తిరిగి మేసిన మేక మాంసానికి కొవ్వు తక్కువ, వాసన మంచిది. ఆ హోటల్ తన సరుకు అక్కడిదేనని ఈ నాటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

మూడోది కారం. ఎర్ర మిరప పొడి చేతికి వచ్చినంత వేయడం కాదు, మిరియం ఘాటు. పెరుగు, నిమ్మరసం కలిసిన పులుపు. టమాటా ఎరుపు మీద ఆధారపడదు. అందుకే దిండిగల్ బిరియాని చూడ్డానికి అంత రంగుగా ఉండదు, కొంచెం గోధుమ రంగు. మొదటిసారి చూసినవాడు "ఇదేనా" అంటాడు. రెండో పిడికిడి తర్వాత ఏమీ అనడు.

ఇలాంటి పొయ్యి ముందు మనిషి తల ఎలా ఉంటుందో ఆలోచించండి. పొగ, ఆవిరి, చెమట. మన పల్లెల్లో పొలం పనిచేసేవాడు తువ్వాలు తలకు చుడతాడు, పందిట్లో వండేవాడూ చుడతాడు. నాగసామి నాయుడు గారు ఎప్పుడూ తలకు పాగా చుట్టుకునే ఉండేవారు. హోటల్ పేరు ఆనంద విలాస్. జనం ఆ పేరు వాడలేదు. "తలప్పాకట్టి కడై" అన్నారు. పాగా కట్టుకున్న ఆయన అంగడి. మన ఇంటి మాటలో చెబితే "తలపాగా ఆయన హోటలు". మాట తమిళంలోనూ తెలుగులోనూ ఒక్కలాగే ఉండడం చూశారా? రెండు భాషల మధ్య బతికిన మనిషికి రెండు భాషల్లోనూ అర్థమయ్యే పేరు దొరికింది.

ఆ పేరు ఆయన పెట్టుకున్నది కాదు. పెయింటరు చేత రాయించింది కాదు. తిన్నవాళ్ళు పెట్టింది. ఒక మాస్టర్‌కు ఇంతకంటే పెద్ద బిరుదు ఉండదనుకుంటాను. జనం ఆయన వంటను ఆయన ఒంటి మీది గుర్తుతో కలిపి గుర్తుపెట్టుకున్నారు. ఆనంద విలాస్‌లు ఆ కాలంలో ఊరికి రెండు ఉండేవి. తలప్పాకట్టి ఒక్కరే.

ఆయన తర్వాత హోటల్ కొడుకుల చేతికి, ఆపైన మనవడి చేతికి వచ్చింది. మనవడి పేరు కూడా నాగసామే. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. తమిళంలో మనవణ్ణి "పేరన్" అనడం కూడా ఆ పేరు మోసేవాడనే కదా. ఆ తరంలో దిండిగల్ దాటి కోయంబత్తూరు, చెన్నై, విదేశాల దాకా శాఖలు లేచాయి. పేరు పెరిగేసరికి గొడవా వచ్చింది.

మీలో బయటి ఊళ్ళు తిరిగేవాళ్ళు గమనించే ఉంటారు. ఒక కాలంలో ఏ రోడ్డులో చూసినా తలప్పాకట్టు బిరియాని బోర్డులే. ఒకచోట "కట్టి", ఇంకోచోట "కట్టు". దిండిగల్‌తో ఏ సంబంధమూ లేని హోటళ్ళు కూడా పాగా బొమ్మ వేసుకున్నాయి. చివరికి దిండిగల్ కుటుంబం ఆ పేరు తమదని మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. ఆ కేసు కాగితాల్లో వాది పేరు ఎలా ఉందో చూడండి: తలప్పాకట్టి నాయుడు ఆనంద విలాస్ బిరియాని హోటల్.

నేను ఈ వాక్యం దగ్గరే ఆగిపోయాను. జనం పెట్టిన పేరు, మనిషి పేరు, ఆయన బోర్డు మీద రాయించిన పేరు, ఆయన వండిన వంట పేరు, నాలుగూ ఒకే వరసలో ఉన్నాయి. ఇప్పుడు ఏ శాఖకైనా వెళ్ళి బోర్డు చూడండి. "దిండిగల్ తలప్పాకట్టి" అని ఉంటుంది. ఆనంద విలాస్ పోయింది. నాయుడు పోయింది. ఊరి పేరు వచ్చి చేరింది.

"నాయుడు" పోయినందుకు నేను బాధపడడం లేదు, అపార్థం చేసుకోకండి. తమిళనాట 1929 చెంగల్పట్టు స్వాభిమాన మహాసభ తర్వాత పేర్ల చివర కులం తీసేయడం మొదలైంది, అది మంచికే జరిగింది. బోర్డు మీద కులం లేకపోతే తినేవాడికి ఇంకా హాయి. నా బాధ వేరు. కులం పేరు తీసినప్పుడు మనిషి పేరు మిగలాలి కదా? నాగసామి మిగలలేదు. పాగా మిగిలింది.

ఇక్కడే వడక్కంపట్టినీ దిండిగల్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. ఒకరు పేరును ఊరందరికీ వదిలేశారు. ఇంకొకరి కుటుంబం పేరును కోర్టులో కాపాడుకుంది. వదిలేసినందువల్ల ఒక మెట్ట ఊరు మొత్తం బతికింది. వందల కుటుంబాలకు పొయ్యి వెలిగింది, అంట్లు తోమే కుర్రవాడు ముదలాళి కాగలిగాడు. కానీ ఏ మునియాండి విలాస్‌లో ఏ రుచి ఉంటుందో లోపలికి వెళ్ళేదాకా తెలియదు. ఒకచోట కొళంబు కోసమే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది, ఇంకోచోట నీళ్ళు తాగి లేచి వస్తాం. కాపాడుకున్నందువల్ల దిండిగల్ తీరు ఇంచుమించు అన్ని శాఖల్లోనూ ఒకేలా ఉంటుంది. కానీ అక్కడ ఒక మాస్టర్ తన చేతి రుచిని తానే మార్చుకునే వీలు తగ్గింది. మసాలా కొలత ముందే నిర్ణయమై ఉంటుంది. బియ్యం కొరికి చూసి నీళ్ళు పోసే పనికి బదులు కొలిచిన పొట్లం విప్పే పని వస్తుంది.

ఏది మేలు అని అడిగితే నేను వడక్కంపట్టి వైపే మొగ్గుతాను. అయితే దిండిగల్ కుటుంబం తప్పు చేసిందని అనలేను. దారిన పోయే ప్రతివాడూ మీ తాత తలపాగా బొమ్మ గోడకు కొట్టుకుని చెడిపోయిన మాంసం అమ్మితే మీరు ఊరుకుంటారా? నేను ఊరుకోను.

ఇంకో సంగతి. ఈ మధ్య మన వస్తువులకు భౌగోళిక గుర్తింపు వస్తోంది. 2019లో శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవాకు, 2020లో కోవిల్‌పట్టి కడలై మిఠాయికి వచ్చింది. చాలా సంతోషం. కానీ ఆ గుర్తింపు ఊరికి వస్తుంది, చేతికి రాదు. కోవిల్‌పట్టి బెల్లం పాకాన్ని ఏ వేడిలో దించాలో మొదట కనిపెట్టిన చేయి ఎవరిదో ఆ ముద్ర చెప్పదు. విరుదునగర్ నూనె పరోటాకూ అంతే. ఊరి పేరు లోకమంతా తెలుసు. మొదట ఆ పరోటాను పెనం మీద కాల్చడంతో ఆగకుండా నూనెలో వేసి వేయించిన మాస్టర్ ఎవరో మీలో ఎవరికైనా తెలుసా?

ముదలాళి పేరు ఎలాగోలా నిలుస్తుంది. కోయంబత్తూరులో 1968లో అన్నపూర్ణ మొదలుపెట్టిన దామోదరసామి నాయుడు గారి పేరు ఆ ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ సాంబారు గురించి చెప్పేటప్పుడు ఆయన్ని తలుస్తారు. ముదలాళి కాలేకపోయిన మాస్టర్ సంగతే కష్టం. తెల్లవారుజామున మూడింటికి లేచి పొయ్యి రాజేసి, రాత్రి పదకొండుకు పెనం కడిగి, నెలకు ఒకసారి ఇంటికి డబ్బు పంపి, మోకాళ్ళు అరిగాక ఊరికి తిరిగొచ్చి తిన్నె మీద కూర్చున్న మనుషులు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఇంట్లో రాత్రి మసాలా నూరి పొద్దున హోటల్‌కు పంపిన ఆడవాళ్ళ సంగతి అసలు లెక్కలోకే రాలేదు. అంట్లు తోమినవాళ్ళు, మేక కోసినవాళ్ళు, కట్టెలు కొట్టినవాళ్ళు, వీళ్ళలోనూ తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతోమంది. మన సంఘం సభ్యత్వ పుస్తకంలో లేనంత మాత్రాన వాళ్ళు మనవాళ్ళు కాకపోరు.

తిరుత్తంగల్‌వాళ్ళం మనకు ఒక అలవాటుంది. మన నిన్ఱ నారాయణ పెరుమాళ్ కోవెల నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటని, మన ఊరి మాట చిలప్పదికారంలో ఉందని వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతాం. ఆ కావ్యంలో మన ఊరి మనిషి వార్తికుడి పేరుంది కాబట్టే పదిహేను పదహారు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆయన్ని తలుచుకోగలుగుతున్నాం. ఎవరో ఒకరు రాసిపెట్టారు, అందుకని.

కాబట్టి సంఘం ముందు రెండు కోరికలు పెడుతున్నాను. కార్యవర్గం వచ్చే సమావేశంలో మాట్లాడితే చాలు.

మొదటిది, మన సభ్యుల ఇళ్ళలో హోటల్ పని చేసిన పెద్దల వివరాలు ఒక నోటు పుస్తకంలో రాయించాలి. పేరు, ఊరు, ఏ ఊళ్ళో ఏ హోటల్లో ఎన్నేళ్ళు చేశారు, ఏ వంటలో చేయి తిరిగినవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు. ఆ చివరి రెండూ తప్పకుండా అడగాలి. నేర్పిన మనిషి ముస్లిం బాయి అయితే ఆయన పేరూ రాయాలి, నాడార్ అయితే ఆయన పేరూ రాయాలి. పిల్లలు ఫోన్లో పెద్దాయన గొంతు రికార్డు చేసి పంపినా సరే. మాస్టర్లు కొలతలు చెప్పరు, "సరిపోయేంత" అంటారు. విసుక్కోకుండా చేత్తో చూపించమనండి, ఆ చేతిని వీడియో తీయండి.

రెండోది, హాల్లో నాగసామి నాయుడు గారి పటం ఒకటి పెట్టాలి. తలపాగాతోనే. కింద మాత్రం పూర్తి పేరు రాయించాలి, తెలుగులోనూ తమిళంలోనూ.

వడక్కంపట్టి జాతరకు రావాలనుకునే కుటుంబాలు తై నెల మొదలుకాగానే నాకు చెప్పండి. విరుదునగర్ మీదుగా కళ్ళిక్కుడికి ఒక వ్యాను మాట్లాడదాం. వడ్డన తెల్లవారకముందే మొదలవుతుంది కాబట్టి రాత్రే బయలుదేరాలి. చలి ఉంటుంది, పెద్దవాళ్ళకు దుప్పట్లు తెచ్చుకోండి. అందరూ గిన్నెలు పట్టుకుని వస్తారు, మనమూ మూత ఉన్న గిన్నె ఒకటి వెంట తీసుకెళ్ళాలి.